బర్కస్ నుంచి బర్రాకా దాకా: ఒక పూరింటి మాట వెంట పన్నెండు రోజులు

ఇరవై రెండేళ్లు చాంద్రాయణగుట్ట దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పాను. రోజూ స్కూటర్ మీద బర్కస్ మీదుగానే వెళ్లేవాణ్ణి. రోడ్డు పొడవునా జామపళ్ల బళ్లు, గళ్ల లుంగీల దుకాణాలు, మధ్యాహ్నమయ్యేసరికి మండి బిర్యానీ వాసన. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు స్థిరపడిన చోటు అది. వాళ్ల సైనిక బ్యారక్స్ అక్కడ ఉండేవి. ఆ బ్యారక్స్ అన్న మాటే జనం నోళ్లలో నలిగి నలిగి బర్కస్ అయింది. ఈ సంగతి పిల్లలకు ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, మరి బ్యారక్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాడు. ఇంగ్లిష్ మాట అని చెప్పి కూర్చోబెట్టాను. ఇంటికెళ్లి నిఘంటువు తీస్తే ఇంగ్లిష్‌ది కాదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వాళ్ల దగ్గర తీసుకున్నారు. ఫ్రెంచి వాళ్లకు ఇటలీ, స్పెయిన్ల వైపు నుంచి వచ్చింది. వెనక్కి వెనక్కి వెళ్తే స్పెయిన్ తూర్పు తీరంలో, వాలెన్సియా, కటలోనియా మనుషులు మాట్లాడే భాషలో తేలింది: బర్రాకా. 13వ శతాబ్దం నాటికే అక్కడి రాతల్లో ఉంది. దాని అర్థం సిపాయిల కొట్టమూ కాదు, జైలు గదీ కాదు. పూరిల్లు.

నేను పుట్టింది ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచు ఊళ్లో, తాటాకు ఇంట్లో. పూరిల్లు అన్న అర్థం చూడగానే ఆ మాట నాకు చుట్టమైపోయింది. రిటైరయ్యాక, మా అమ్మాయి బార్సిలోనాలో చదువుతోందన్న సాకు దొరికింది. సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆవిడా బయల్దేరాం. అందరూ బార్సిలోనా చూసి, తీరికుంటే వాలెన్సియా వెళ్తారు. మేము వాలెన్సియాలో ఎనిమిది రోజులు, బార్సిలోనాలో నాలుగు రోజులు ఉన్నాం.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా మాడ్రిడ్‌లో దిగి, అక్కణ్ణుంచి హైస్పీడ్ రైలు ఎక్కాం. వాలెన్సియాకు రెండు గంటల లోపే చేరుస్తుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. మాడ్రిడ్‌లో ఆతోచా, చమార్తిన్ అని రెండు పెద్ద స్టేషన్లున్నాయి. టికెట్ మీద ఏది రాసుందో ముందే చూసుకోండి. మేము ఒకదానికి వెళ్లి కూర్చున్నాం, మా రైలు రెండోదాన్నుంచి. టాక్సీ పట్టుకుని పరిగెత్తేసరికి టెన్షన్‌తో మా ఆవిడకు చెమటలు పట్టాయి. అక్కడ లగేజీ స్కానింగ్ కూడా ఉంటుంది, రైలు కదలక ముందే గేటు మూసేస్తారు. అరగంట ముందు ఉంటే మంచిది.

వాలెన్సియాలో మొదటి మూడు రాత్రులు రుస్సాఫా అనే పేటలో దిగాం. ఫొటోల్లో అపార్ట్‌మెంట్ అద్దంలా ఉంది. తీరా వెళ్తే నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ మాట ఎక్కడా రాయలేదు. కింద బార్లు, రాత్రి రెండింటిదాకా కేకలు. రోజుకు 110 యూరోలు, పైగా శుభ్రం చేసినందుకు విడిగా డబ్బు. కుర్రవాళ్లకైతే ఆ పేట సరదాగానే ఉంటుంది. మా వయసు వాళ్లు వెళ్లవద్దు.

ఆ మూడు రోజుల్లో ఊళ్లో చూసినవాటిలో మూడింటి గురించి చెబుతాను. మొదటిది పట్టు బజారు, లోన్హా అంటారు. 1482లో మొదలుపెట్టి కట్టిన రాతి మంటపం. తాడు పేనినట్టు మెలితిరిగిన స్తంభాలు అంతెత్తున లేచి పైన తాటి మట్టల్లా విచ్చుకుంటాయి. 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ వైభవం ఎక్కణ్ణుంచి వచ్చిందా అంటే, చాలామట్టుకు ఊరి బయటి పూరిళ్ల అటకల మీంచి. బర్రాకాలో పైకప్పు కింద అటక ఉంటుంది, దాన్ని అందానా అంటారు. రైతులు ఆ అటక మీద పట్టుపురుగులు పెంచేవారు. కింద మనుషులు పడుకుంటే పైన రాత్రంతా పురుగులు మల్బరీ ఆకు కొరుకుతూ ఉండేవి. స్తంభాల ఫొటోలు అందరూ తీసుకుంటున్నారు. ఆ అటకల మాట గోడమీద పలకలో కనిపిస్తుందేమోనని వెతికాను, నాకు కనిపించలేదు.

రెండోది ఎత్నో అనే జానపద మ్యూజియం. 2023లో ఐరోపా మ్యూజియం ఆఫ్ ది ఇయర్ బహుమతి దానికే వచ్చింది. నాగళ్లు, కుండలు, చాపలు, పీటలు. మా ఆవిడ రెండు గంటలు బయటికి రాలేదు. జనం తక్కువ. పెద్ద పేరున్న సైన్స్ సిటీ భవనాల ముందు క్యూ కట్టే సమయంలో సగం ఇక్కడ గడపండి.

మూడోది నీళ్ల కోర్టు. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి తలుపు ముందు, వీధిలోనే జరుగుతుంది. ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది నల్ల చొక్కాలు తొడుక్కుని గుండ్రంగా వేసిన చెక్క కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లు లాయర్లు కారు, రైతులు. ఒక్కో కాలువ పేరూ పిలిచి ఫిర్యాదు ఉందా అని అడుగుతారు. అన్నీ నోటి మాటే, కాగితం లేదు, తీర్పు అక్కడికక్కడే. మేము వెళ్లిన రోజు ఎవరూ ముందుకు రాలేదు. ఐదు నిమిషాల్లో లేచిపోయారు. చూడటానికి వచ్చిన కొందరు నిరాశపడ్డారు. నేను పడలేదు. పంట కాలువ చివరి ఎకరాలకు నీరందక తలలు పగిలిన ఊళ్లు నాకు తెలుసు. నీటి తగాదా ఒక్కటీ లేని గురువారాన్ని కళ్లారా చూశాను, చాలు. ఈ కాలువలు, వాటి వంతులు, వరి, అన్నీ అరబ్బుల పాలన నాటి నుంచి ఉన్నవే. కాలువను అక్కడ సేకియా అంటారు, అదీ అరబీ మాటే. వరికి వాళ్లు వాడే అర్రోస్ కూడా అరబీ నుంచి వచ్చిందే.

అక్కడ నాకు బర్కస్ గుర్తొచ్చింది. అరబ్బులు నేర్పిన సేద్యం మీద బతికిన రైతుల ఇంటి మాట ఫ్రెంచి, ఇంగ్లిష్ సైన్యాలతో కలిసి తిరిగి తిరిగి, చివరికి హైదరాబాద్‌లో మళ్లీ అరబ్బుల పేటకే పేరై కూర్చుంది.

నాలుగో రోజు మెట్రో ఎక్కి అల్బొరాయా వెళ్లాం. ఊరి అంచు దాటగానే తోటభూములు. చూఫా అనే గడ్డ పండిస్తారు, మన తుంగ జాతిది. దాన్ని నానబెట్టి రుబ్బి తీసిన పాలను ఒర్చాతా అంటారు. చల్లగా, పొడవాటి తీపి రొట్టెతో కలిపి ఇస్తారు. లాక్టోజ్ పడని మా ఆవిడ మూడు గ్లాసులు తాగింది. ఈ తోటల్లో ఒకప్పుడు ఎటు చూసినా బర్రాకాలే. విసెంతే బ్లాస్కో ఇబాన్యెస్ 1898లో రాసిన నవల ఈ నేల మీదిదే, దాని పేరే లా బర్రాకా. ఇప్పుడు ఎండలో గంట నడిస్తే మాకు రెండు కనిపించాయి, ఒకదానికి తాళం. బస్సు దిగి వరసగా పూరిళ్లు చూద్దామనుకుని వచ్చేవాళ్లకు ముందే చెబుతున్నాను, అల్బొరాయాకు ఒర్చాతా కోసం వెళ్లండి.

అక్కణ్ణుంచి మకాం కబన్యాల్‌కు మార్చాం. సముద్రం ఒడ్డున పాత జాలరిపేట. కబాన్య అన్నా గుడిసే. ఇప్పుడు రిసార్టుల్లో ఈత కొలను పక్కన గంటల లెక్కన అద్దెకిచ్చే తెరల గుడారాలను కబానా అంటున్నారే, ఆ మాటకు ఇది తోబుట్టువు. పేటలో ఇవాళ ఒక్క గుడిసె కూడా లేదు. 1796లో నిప్పంటుకుని గుడిసెలు తగలబడ్డాయి, 1875లో మళ్లీ. గడ్డి కప్పు వద్దన్నారు. జనం ఇటుకతో కట్టుకున్నారు, కానీ ఎవరి గుడిసె స్థలంలో వాళ్లే. అందుకే ఇళ్లన్నీ సన్నగా, పొడవుగా, సముద్రానికి వరసగా ఉంటాయి. గోడలకు రంగురంగుల పింగాణీ పలకలు: ఆకుపచ్చ, తేనె రంగు, నీలం. ఒక ఇంటి మీద పడవ, ఇంకో ఇంటి మీద చేపలు. డబ్బు పెద్దగా లేని చేపలవాళ్లు నగరం షోకును తమకు తోచినట్టు గోడకెక్కించారు. నిలబడి చూస్తే కొత్త ఇంటి ఆకారంలో పాత గుడిసె కనిపిస్తూనే ఉంటుంది.

ఈ పేట నడిమధ్య నుంచి సముద్రం దాకా ఒక పెద్ద రోడ్డు వేయాలని నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి పట్టుబట్టింది. 1600కు పైగా ఇళ్లు పోయేవి. జనం గట్టిగా నిలబడ్డారు. 2015 తర్వాత ఆ పథకం ఆగిపోయింది. ఆ రోడ్డు పేరేమిటో తెలుసా? బ్లాస్కో ఇబాన్యెస్ అవెన్యూ. పూరింటి మీద నవల రాసిన మనిషి పేరుతో పూరిళ్ల వారసుల ఇళ్లు కూల్చబోయారు. ఆ మాట చెబుతున్నప్పుడు మేం దిగిన ఇంటి యజమానురాలి గొంతు ఇప్పటికీ వణికింది.

మేమున్నది అలాంటి ఇంట్లోనే, కింది గది. రోజుకు 85 యూరోలు. ఇంటావిడ పైన ఉంటుంది. పొద్దున్నే మార్కెట్ ఎటో, ట్రామ్ ఎక్కడాగుతుందో కాగితం మీద గీసి ఇచ్చింది. గది చిన్నదే, ఏసీ పాతదే, కానీ గోడలు మందం, పగలు చల్లగా ఉంది. వంటగది వాడుకోనిచ్చింది. మా ఆవిడ పప్పు పెట్టింది, ఆమెకూ ఒక గిన్నె ఇచ్చింది. మొత్తం యాత్రలో పెట్టిన డబ్బుకు సరిగ్గా దక్కిన బస ఇదే. నడక దూరంలో బియ్యం మ్యూజియం ఉంది, అసలు అది పాత రైస్ మిల్లు. పై నుంచి కింది దాకా చెక్క గొట్టాలు, బెల్టులు, జల్లెళ్లు. వెళ్లగానే తవుడు వాసన వస్తుందనుకున్నాను, రాలేదు. యంత్రాలు మాత్రం మా ఊరి మిల్లువే అన్నట్టున్నాయి.

ఇక ఎల్ పాల్మార్.

వాలెన్సియాకు దక్షిణంగా అల్బుఫేరా అనే మంచినీటి సరస్సు ఉంది. అరబీలో చిన్న సముద్రం అని అర్థం. దాని ఒడ్డున, ఒకప్పుడు దీవిగా ఉన్న చిన్న ఊరు ఎల్ పాల్మార్. ఊరినుంచి 24 నంబరు సిటీ బస్సు వెళ్తుంది, టికెట్ చవక. ఆదివారం వెళ్లకండి. సగం నగరం భోజనానికి అక్కడికే వస్తుంది, బస్సులో నిలబడటానికి చోటుండదు. మేము మంగళవారం వెళ్లాం. ఇసుక మేట మీది పైన్ చెట్లు దాటగానే రెండు వైపులా వరిచేలు. కోతల రోజులు. మన చైన్ మిషన్ల లాంటి హార్వెస్టర్లు బురదలో దిగబడకుండా తిరుగుతున్నాయి, వెనక కొంగలు. కిటికీ తెరిస్తే పచ్చి గడ్డి వాసన. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది.

సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఇప్పుడున్నది దాదాపు 2,800 హెక్టార్లు. ఒకప్పుడు ఇంతకు ఎన్నో రెట్లు ఉండేదట, వరిచేల కోసం పూడ్చుకుంటూ వచ్చారు. కొల్లేరును చేపల చెరువులు తినేయడం చూసినవాణ్ణి, నాకు వివరంగా చెప్పక్కర్లేదు. 1986లో దీన్ని రక్షిత ప్రాంతం చేశారు.

పడవ షికారు రెండుసార్లు చేశాం. మొదటిసారి సూర్యాస్తమయం. మనిషికి ఐదారు యూరోలు, నలభై మందిని ఎక్కించి ఇంజను హోరులో అరగంటలో తిప్పేసి దించారు. ఎదుటివాళ్ల ఫోన్లే తప్ప నీళ్లు కనిపించలేదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఒక ముసలాయన్ని మాట్లాడుకున్నాం. మేమిద్దరమే, పాతిక యూరోలు. మధ్యకు వెళ్లాక ఇంజను ఆపి పొడుగాటి గెడకర్ర తీశాడు. గెడ నీళ్లలోకి దించి, భుజం ఆనించి, పడవ అంచు మీద అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి నడిచాడు. దోనె తోసేటప్పుడు మా తాత చేసిన పనే, అదే నడక. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. చేపలు పట్టే తావులకు ఊళ్లో ఏటా చీటీలు తీస్తారు, ఎవరికి ఏ తావు వస్తే అది. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కే వచ్చేది. ఆడపిల్లలు కోర్టుకెళ్లి గెలిచాకే వాళ్లకూ దక్కింది. "గెలవాల్సిందే. వలలు అల్లింది వాళ్లేగా," అన్నాడాయన. పాతిక యూరోలు పెట్టగలిగితే పొద్దున పడవే ఎక్కండి.

భోజనానికి రెండు మాటలు. వెడల్పాటి పెనంలో వండే అన్నం వంటకం పాయెల్యా. అది మధ్యాహ్నం తిండి, రాత్రి అడిగితే పర్యాటకుల కోసం వేడిచేసి పెట్టిందే దొరుకుతుంది. ఇద్దరికి తక్కువ వండరు, పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాలి. ఇక్కడి అసలు వంటలో రొయ్యలుండవు. కోడి, కుందేలు, రెండు రకాల చిక్కుళ్లు, ఒక్కోసారి నత్తలు. మా ఆవిడకు కూరగాయలతో విడిగా చేయించాం, మాంసం గరిటె తగలనివ్వొద్దని చెబితే విసుక్కోలేదు. అడుగున పట్టిన మాడును సొకర్రాత్ అంటారు. మనింట్లో దాన్ని గీకి పక్కన పెడతాం, వాళ్లు దానికోసమే పోటీ పడతారు. వీధిలో నిలబడి చెయ్యి పట్టి లాగే హోటళ్లకు దూరంగా ఉండండి. ఒక చోట మెనూలో లేని రొట్టెకు, నీళ్లకు బిల్లు వేశారు.

బర్రాకాలో రెండు రాత్రులున్నాం. ఊరి చివర కాలువ గట్టున పాతదాన్ని బాగుచేసి అద్దెకిస్తున్నారు. రోజుకు 130 యూరోలు. ఖరీదే. దోమలున్నాయి, తెర ఇచ్చారు. స్నానాలగది తర్వాత కట్టింది, ఇరుకు. వేడినీళ్లు ఒకరికే సరిపోతాయి. ఇవన్నీ తెలిసి కూడా మళ్లీ అక్కడే దిగుతాను.

పొడుగాటి ఇల్లు, నిటారుగా లేచిన కప్పు, ముందు కొసన చెక్క శిలువ. గోడలు బంకమట్టిలో గడ్డి కలిపి ఎండబెట్టిన పచ్చి ఇటుకలవి, పైన సున్నం. ముందు తలుపు దక్షిణానికి, వెనక తలుపు దానికి ఎదురుగా. రెండూ తీస్తే గాలి ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఒక పక్క నడవ, రెండో పక్క గదులు. వంటకు పక్కనే ఇంకో చిన్న బర్రాకా, నిప్పు భయానికి. మా ఇంట్లోనూ వంటపాక విడిగానే ఉండేది.

మా ఆవిడ సామాను కూడా దించకుండా చూరు కిందికి వెళ్లింది. నర్సాపురం దగ్గర వాళ్ల నాన్న ఏటేటా ఇల్లు నేయిస్తుంటే కట్టలు అందించిన మనిషి ఆమె. చూరు నుంచి ఒక పోచ లాగి, వేళ్ల మధ్య నలిపి, అంచు మీద బొటనవేలు పోనిచ్చింది. చర్రున గీసుకుంది.

"ఇది రెల్లు కాదండీ, వరిగడ్డీ కాదు. తుంగ జాతి. అంచు చూడండి, రంపంలా ఉంది."

ఇంటి యజమాని ముసలాయన అక్కడే ఉన్నాడు. మాన్సేగా అని దాని పేరు చెప్పాడు. సరస్సు ఒడ్డున పెరుగుతుంది, నిజంగానే తుంగ కుటుంబంది. ఆమె వేలి మీద రక్తం చూసి లోపలికెళ్లి గుడ్డ తెచ్చాడు. తర్వాత ఇద్దరూ నన్ను వదిలేసి కప్పు గురించి మొదలుపెట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు, ఫోను నా చేతిలో ఉండిపోయింది. లోపలి నుంచి చూపించాడు: వాసాల మీద సన్న వెదురు లాంటి రెల్లు కర్రలు గళ్లుగా పరిచి, గడ్డి తాడుతో కట్టారు. దానిమీద కట్టలు, కింది నుంచి పైకి, ఒక వరస మొదలు ఇంకో వరస తల కప్పేట్టు. ఆమె చేత్తో కొలిచింది. జానెడు మందం. "మన దానికన్నా వాలు ఎక్కువ, నీరు నిలవదు" అంది తెలుగులోనే. ఆయన వాలెన్సియా భాషలో ఏదో అని తలూపాడు. ఇద్దరూ ఒకే మాట అన్నారని నా నమ్మకం. కప్పు నేసేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారని, వాళ్లను పిలిపించే ఖర్చుకే ఈ అద్దె అని తర్వాత మనవడు చెప్పాడు. అది విన్నాక 130 గురించి నేను మళ్లీ మాట్లాడలేదు.

రెండో రాత్రి వాన పడింది. పడిందని మాకు తెలియలేదు. తలుపు సందులోంచి మట్టి వాసన వస్తే మెలకువ వచ్చింది. బయట కాలువలో చినుకుల చప్పుడు, లోపల చడీచప్పుడు లేదు. "రేకుల ఇంట్లోకి మారాక మా అమ్మకు వానాకాలం నిద్రే ఉండేది కాదు" అంది మా ఆవిడ చీకట్లో.

నాకు మళ్లీ నిద్ర పట్టలేదు, బర్రాకా అన్న మాట ఎన్ని చోట్లకు పోయిందో తలుచుకుంటూ పడుకున్నాను. ఇంత వెచ్చని ఇంటి పేరు. దండుతో వెళ్లే సిపాయిలు రాత్రికి రాత్రి వేసుకునే పాకకు ఈ పేరే పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి అది రాతి కట్టడమైంది. జర్మన్‌లో బరాకె, రష్యన్‌లో బరాక్. ఖైదీల శిబిరాల్లో మనుషుల్ని కుక్కిన పొడుగాటి చెక్క కొట్టాల పేరు అదే. మన తెలుగు పేపర్లలో బ్యారక్ అంటే జైల్లో ఉండేదే. టర్కీలో బరాకా అంటే రేకుల షెడ్డు. ఇటలీలో మురికివాడకు బరక్కోపొలి అంటారు, పాకల నగరమని. సముద్రం దాటి బ్యూనస్ ఎయిరీస్‌లో సరుకు గోదాములకు ఈ పేరే వచ్చింది, వాటి వల్ల ఒక పేటకే బర్రాకాస్ అని స్థిరపడింది. బ్రెజిల్ వాళ్లకు సంతలో కొట్టు, బీచ్‌లో తిండి పాక, గుడారం, మూడూ బర్రాకాలే. మంచి దారి కూడా లేకపోలేదు. స్పెయిన్ తిరునాళ్లలో ఆటల పాకను బర్రాకా అంటారు. కవి లోర్కా 1932లో విద్యార్థులను లారీల్లో ఎక్కించుకుని, నాటకమంటే తెలియని పల్లెలకు పాత నాటకాలు తీసుకెళ్లాడు. ఆ బృందానికి పెట్టిన పేరు లా బర్రాకా. నాలుగేళ్లకు, 1936 ఆగస్టులో ఆయన్ని కాల్చి చంపారు.

వాలెన్సియా నుంచి బార్సిలోనాకు రైల్లో మూడు గంటలు, సముద్రం పక్క సీటు అడిగి తీసుకోండి. బార్సిలోనాలో గదులు మండిపోతున్నాయి. మా అమ్మాయి ఉండే ఇంట్లోనే సర్దుకున్నాం కాబట్టి బసల గురించి నేను చెప్పగలిగిందేమీ లేదు. గౌడీ అనే వాస్తుశిల్పి రూపమిచ్చిన సగ్రాదా ఫమీలియా చర్చికి టికెట్లు వారాల ముందే ఇంటర్నెట్‌లో తీసుకోవాలి. బాగుంది, దాని గురించి రాసినవాళ్లు వేలమంది ఉన్నారు.

నేను అడిగింది వేరే రెండు చోట్లు. ఒకటి సొమొర్రోస్త్రో బీచ్. ఇప్పుడు ఆసుపత్రి ముందు పరుచుకున్న శుభ్రమైన ఇసుక. 1966 దాకా అక్కడ ఇసుక మీదే వందల పాకలు, అలలు ఇళ్లలోకి వచ్చేవి. ఫ్లమెంకో నాట్యంలో పేరు మోగిన కార్మెన్ అమాయా అక్కడి బిడ్డే. నౌకాదళ విన్యాసాలు చూడటానికి స్పెయిన్ నియంత ఫ్రాంకో వస్తున్నాడని చివరి పాకలు పీకేశారు. "రోజూ ఇక్కడ జాగింగ్ చేస్తాను నాన్నా, నాకు తెలియనే తెలియదు" అంది మా అమ్మాయి.

రెండోది తురో దె లా రొవీరా గుట్ట. సిటీ బస్సు దిగి కొంచెం ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆగి ఆగి వెళ్లండి. టికెట్ లేదు. పైన నీళ్లు అమ్మేవాళ్లు ఉంటారో ఉండరో, సీసా తీసుకెళ్లండి. సాయంత్రం గేట్లు మూసేస్తారు, వేళ చూసుకోండి. కుర్రవాళ్లు ఊరంతా కనిపించే ఫొటోల కోసం వస్తారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1938 నాటికి విమానాలను కూల్చే ఫిరంగులు అక్కడ పెట్టారు, సిపాయిలుండటానికి గదులు కట్టారు. యుద్ధం అయిపోయాక, ఊళ్లో అద్దె కట్టలేని కూలీలు దక్షిణం నుంచి వచ్చి ఆ గదుల్లోకి చేరారు, చుట్టూ పాకలు వేసుకున్నారు. ఫిరంగుల పేట అనే పిలిచేవారు. సిపాయిల బ్యారక్, పేదల బర్రాకా, రెండూ అక్కడ ఒక్కటే. 1990లో ఖాళీ చేయించారు.

గోడలు లేవు. నేల మాత్రం ఉంది. ఎవరో పనిచేసే చోట మిగిలినవి తెచ్చుకుని వేసినట్టుంది, ఒక రకం టైల్ పక్కన ఇంకో రకం, ఎర్ర పువ్వుల పక్కన నల్ల గళ్లు. కుర్రవాళ్లు వాటి మీద కూర్చుని చిప్స్ తింటున్నారు. మా ఆవిడ ఒక మూల దగ్గర ఆగింది. అక్కడ టైల్స్ అరిగి గుంటపడ్డాయి. పక్కన నీళ్లు పోవడానికి సన్నటి తూము.

నేను ముందుకు అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పులతో తొక్కకండి. అది వంటిల్లు."

ఇద్దరం చుట్టూ తిరిగి దిగాం.